డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆయిల్ కారుతుంటే

పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు 2002లో కొన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు కారును, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, నేను ఇప్పటికీ నడుపుతున్నాను. రెండు నెలలుగా కారు నిలిపిన చోట, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే భాగం కింద, రూపాయి బిళ్లంత ఆయిల్ మరక పడుతోంది. ఒక మెకానిక్ గారు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక సీలు పోయిందనీ, గేర్‌బాక్సు దింపాలనీ చెప్పారు. మరొకరు టార్చి వేసి చూసి, పైన డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే భాగం) మొదట్లో రింగు పోయిందన్నారు. ఎవరి మాట నమ్మాలి? రెండోవారి మాటే నిజమైతే ఆ రింగును ఇంటి దగ్గర నేనే మార్చుకోగలనా? ప్లగ్గులు, ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ నేనే మార్చుకుంటూ ఉంటాను. (పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఎవరి మాట సరైనదో మీ ఇంటి ముందే, ఏ ఖర్చూ లేకుండా, ఒక పూటలో తేల్చుకోవచ్చు. అది తేలకుండా మాత్రం గేర్‌బాక్సు దింపడానికి ఒప్పుకోకండి. మీ కారులో డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్డు (ఇంజన్ పై భాగం) చివర, క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు) కొసకు తగిలించి ఉంటుంది. టైమింగ్ బెల్టు ఒక పక్కన ఉంటే ఇది రెండో పక్కన, సరిగ్గా గేర్‌బాక్సుకు పైన ఉంటుంది. అందువల్ల దాని మెడ దగ్గర ఊరిన ఆయిల్ హెడ్డు గోడ మీదుగా జారి, ఇంజన్ బ్లాకుకూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకు దగ్గరికి చేరి, అక్కడి నుంచి బొట్టుగా నేల మీద పడుతుంది. క్రాంక్ వెనుక సీలు పోయినప్పుడు పడే బొట్టు కూడా ఆ అతుకు నుంచే పడుతుంది కాబట్టి, కింద పడిన మరకను బట్టి ఏ సీలు పోయిందో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా సాధ్యం కాదు. మొదటి మెకానిక్ గారు మిమ్మల్ని మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ఆయన కింద నుంచి చూశారు, రెండోవారు పై నుంచి చూశారు.

మీరు చేయవలసింది ఇది. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత, పాత పెయింటు బ్రష్షును కొద్దిగా కిరోసిన్‌లో ముంచి, డిస్ట్రిబ్యూటర్ చుట్టూ, దాని పైన ఉన్న టాపెట్ కవరు (హెడ్డు పై మూత) అంచు, కింద గేర్‌బాక్సు అతుకు వరకు పేరుకుపోయిన జిడ్డునంతా కడిగి, బనియన్ గుడ్డతో పొడిగా తుడవండి. పెట్రోలుతో కడిగే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. బ్యాటరీ కలిపి ఉన్న ఇంజన్ మీద పెట్రోలు పోయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే కనుక ఆ పని వద్దు. అంతా పొడిగా అయ్యాక ముఖానికి రాసుకునే పౌడరును ఆ ప్రాంతమంతా పలచగా చల్లండి. తరువాత కారు తీసి గుంటూరు దాకా ఒకసారి వెళ్లి రండి. ఇంజన్ బాగా వేడెక్కి, ఆయిల్ పలచబడటానికి ఆ దూరం సరిపోతుంది. తిరిగి వచ్చి బానెట్ ఎత్తి టార్చి వేస్తే, తెల్లటి పౌడరు మీద ఆయిల్ నడిచిన దారి గోధుమరంగు గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట పైకి వెళ్లండి. తడి ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. డిస్ట్రిబ్యూటర్ మెడకూ హెడ్డుకూ మధ్య సందులో మొదలైతే రింగు పోయినట్టు. అంతకంటే పైన, టాపెట్ కవరు అంచున మొదలైతే ఆ కవరు ప్యాకింగ్ పోయినట్టు, డిస్ట్రిబ్యూటర్‌ను ముట్టుకోనక్కరలేదు. పైన అంతా పొడిగా ఉండి, కింద అతుకు మాత్రమే తడిస్తే మొదటి మెకానిక్ గారి మాటే నిజం.

ఇక రింగు సంగతి. డిస్ట్రిబ్యూటర్ మెడ చుట్టూ ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో ఓ రింగు అనే గుండ్రటి రబ్బరు వలయం కూర్చుంటుంది. రింగు మందం గాడి లోతు కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది కనుక, డిస్ట్రిబ్యూటర్‌ను హెడ్డు రంధ్రంలోకి నెట్టినప్పుడు రబ్బరు నలిగి, తిరిగి ఉబ్బాలని చూస్తూ రెండు లోహాలనూ ఒత్తిపట్టి ఉంచుతుంది. ఆయిల్‌ను ఆపేది ఈ ఒత్తిడే. ఇంజన్ వేడెక్కిన తరువాత, నడుస్తున్నంతసేపూ హెడ్డు దగ్గర సుమారు 90 డిగ్రీల వేడి ఉంటుంది. ఆపేసిన తరువాత నీరూ గాలీ తిరగడం ఆగిపోవడంతో బానెట్ కింది వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనే ఊళ్లలో, మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు విషయం చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి ఆ వేడిలో నలిగిన రబ్బరు, తిరిగి ఉబ్బే గుణం పోగొట్టుకుంటుంది. మీరు పాత రింగును బయటికి తీసినప్పుడు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి: గుండ్రంగా ఉండవలసిన దాని ఒళ్లు లోపలా బయటా బల్లపరుపై, నలుచదరం అయి ఉంటుంది, వంచితే రబ్బరులా సాగకుండా గాజు ముక్కలా పుటుక్కున విరుగుతుంది. దానిని చూసిన తరువాత ఇంకెవరూ మీకు చెప్పనక్కరలేదు.

ఇంటి దగ్గర మార్చుకోగలనా అన్న మీ ప్రశ్నకు సమాధానం, తప్పకుండా మార్చుకోగలరు. ప్లగ్గులు మార్చే చేతికి ఇది అందని పని కాదు. అయితే ఇందులో శ్రద్ధంతా రింగు మీద కంటే, డిస్ట్రిబ్యూటర్ తీయక ముందు ఉన్న స్థితిని గుర్తు పెట్టుకోవడం మీద ఉండాలి. రింగు ఖరీదు కొన్ని పదుల రూపాయలే. గుర్తులు లేకుండా డిస్ట్రిబ్యూటర్‌ను ఊడదీస్తే పోయేది మాత్రం ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండర్లో నిప్పురవ్వ పడవలసిన సరైన క్షణం.

ముందుగా కొత్త రింగు తెచ్చి దగ్గర పెట్టుకోండి. మీకు ఆటోనగర్ దగ్గరే కనుక, సీళ్లూ బేరింగులూ అమ్మే దుకాణంలో కారు పేరు, తయారైన సంవత్సరం చెప్పి అడగండి. పాత రింగును కొలతకు ఇవ్వడం మంచిదే కానీ, అది నలిగి, చదునై ఉంటుంది కాబట్టి దాని మందాన్ని నమ్మరాదు. గాడి కొలతను నమ్మాలి. సాధారణంగా వాడే నైట్రైల్ రబ్బరు సుమారు 100 నుంచి 120 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. విటాన్ అనే రకం దాదాపు 200 డిగ్రీల వరకు ఆగుతుంది. ధర ఎక్కువైనా ఈ చోటికి నేను దాన్నే కోరుకుంటాను. నీళ్ల కుళాయిలకూ మోటార్లకూ వేసే రింగు కొలత సరిపోయింది కదా అని వేయకండి. అందులో చాలా రకాలు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడి, కొద్ది వారాల్లోనే చీలిపోతాయి.

పని మొదలుపెట్టేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ప్లగ్గు వైర్లలో నడిచేది వేల వోల్టుల కరెంటు, దానితో పరాచికాలు పనికిరావు. తరువాత మీ ఇంట్లో ఎవరివైనా గోళ్ల రంగు సీసా తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద నుంచి హెడ్డు మీదికి సాగేలా ఒక సన్నని గీత గీయండి. డిస్ట్రిబ్యూటర్‌ను బిగించే బోల్టులకు రంధ్రాలు కోలగా ఉంటాయి, దాన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పి టైమింగ్ సరిచేయడానికే ఆ ఏర్పాటు. మీ గీత ఆ స్థానాన్ని పట్టి ఉంచుతుంది. రంగు ఆరే వరకు ఆగి, ఫోనుతో రెండు ఫొటోలు తీయండి. ప్లగ్గు వైర్లను క్యాపు (డిస్ట్రిబ్యూటర్ మూత) నుంచి పీకవద్దు. క్యాపు స్క్రూలు విప్పి, వైర్లతో సహా క్యాపును పక్కకు తప్పించండి. ఏదైనా వైరు తీయక తప్పకపోతే దానికి సిలిండరు నంబరు రాసిన ప్లాస్టరు ముక్క అంటించండి. ఇప్పుడు రోటరు (లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు కరెంటు అందించే ముక్క) ముక్కు ఎటు చూస్తోందో గమనించి, ఆ దిక్కును కూడా ఒంటి అంచు మీద చిన్న చుక్కతో గుర్తించండి. ఇక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్ తిరిగి బిగించేవరకు ఎవరూ తాళం తిప్పరాదు, కారును గేరులో పెట్టి తోయరాదు.

వైర్ల సాకెట్లను వాటి మెడ దగ్గరి నొక్కు నొక్కి ఊడదీయండి. ఈ వయసు కార్లలో ఆ ప్లాస్టిక్ పెళుసై ఉంటుంది కాబట్టి వైరు పట్టుకుని లాగితే చేతికి వైరు మాత్రమే వస్తుంది. బిగింపు బోల్టులకు జపాన్ తరహా ఇంజన్లలో ఎక్కువగా 12 నంబరు పానా పడుతుంది. కింది బోల్టు కంటికి కనిపించదు, వేలితో తడిమి పట్టుకోవాలి. బోల్టులు వచ్చాక డిస్ట్రిబ్యూటర్‌ను రెండు చేతులా పట్టుకుని, కొద్దికొద్దిగా అటూ ఇటూ మెలితిప్పుతూ బయటికి లాగండి. గట్టిపడిన రింగు లోపల అతుక్కుని ఉంటుంది కనుక మొదట కదలదు; కదలలేదని సందులో స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే అల్యూమినియం ముఖం మీద గాటు పడుతుంది, ఆ గాటు గుండా రేపు కొత్త రింగు ఉన్నా ఆయిల్ వస్తుంది. చెక్క ముక్కతో పక్కల నుంచి మెల్లగా తట్టండి. బయటికి వచ్చేటప్పుడు చెంచాడు ఆయిల్ ఒలుకుతుంది, కింద గుడ్డ పరచి ఉంచండి. హెడ్డులోని రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయండి.

పాత రింగును గాడిలోంచి తీయడానికి సూదో స్క్రూడ్రైవరో వాడకండి. చీపురు పుల్ల చాలు. రింగు విరిగినా ఫరవాలేదు, గాడికి గీత పడకూడదు. గాడి అడుగున నల్లగా మాడిన ఆయిల్ పొర గట్టిగా అంటి ఉంటుంది. అది ఉండగా కొత్త రింగు సరిగా కూర్చోదు. కిరోసిన్ గుడ్డను ఆ గాడిలో వేసి చుట్టూ లాగుతూ, గోటితో తడిమితే నున్నగా తగిలేవరకు తుడవండి. గరుకు కాగితం పెట్టవద్దు. హెడ్డు రంధ్రం లోపలి గోడను కూడా అలాగే తుడవండి.

కొత్త రింగుకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాసి, మెలికపడకుండా గాడిలోకి జార్చండి. ఎండు రింగును నెడితే రంధ్రం అంచు దాన్ని కోస్తుంది; ఎంత జాగ్రత్తగా పని చేసినవారైనా ఎక్కువగా పొరపడేది ఈ ఒక్క చోటే. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ కొసన ఉన్న కలపడపు ముక్కను చూడండి. దాని రెండు చెవులూ సరిగ్గా మధ్యలో ఉండవు, ఒక పక్కకు జరిగి ఉంటాయి. క్యామ్‌షాఫ్టు కొసన ఉన్న గాడి కూడా అలాగే పక్కకు జరిగి ఉంటుంది. తలకిందులుగా బిగించే పొరపాటు జరగకుండా ఇంజను తయారుచేసినవారే ఈ ఏర్పాటు చేశారు. కాబట్టి రోటరును మీరు చుక్క పెట్టిన దిక్కుకు తిప్పి లోపలికి పోనిస్తూ, రోటరును కొంచెం అటూ ఇటూ ఆడిస్తే, చెవులు గాడిలో పడిన క్షణం చేతికి తెలుస్తుంది. ఆ తరువాత డిస్ట్రిబ్యూటర్ అరచేతి ఒత్తిడికే లోపలికి పోయి ముఖానికి ముఖం ఆనుతుంది. ఆనకపోతే బోల్టులు బిగించి లాగే ప్రయత్నం చేయవద్దు. ఆ ప్రయత్నంలోనే బోల్టులు పట్టే డిస్ట్రిబ్యూటర్ అంచులు పగులుతాయి. పగిలితే మొత్తం డిస్ట్రిబ్యూటరే మార్చుకోవలసి వస్తుంది, ఈ రోజుల్లో ఆ సరుకు దొరకడం కష్టం. బయటికి తీసి, చూసి, మళ్లీ పెట్టండి.

గోళ్ల రంగు గీత రెండు ముక్కలూ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పి, బోల్టులు బిగించండి. అల్యూమినియంలోకి పోయే 8 మిల్లీమీటర్ల బోల్టు కాబట్టి 2 నుంచి 2.5 కిలోగ్రాం మీటర్ల బిగింపు సరిపోతుంది. అంటే పొట్టి పానాతో మణికట్టు బలం, అంతకు మించి వద్దు. క్యాపు, సాకెట్లు, చివరగా బ్యాటరీ. ఇంజన్ స్టార్టు చేసి, వేడెక్కిన తరువాత ఆ మెడ చుట్టూ వేలు పెట్టి చూడండి. మరుసటి ఆదివారం పౌడరు పరీక్ష మళ్లీ చేయండి. కడిగిన జిడ్డునూ ఆయిల్ గుడ్డలనూ బందరు కాలువలోనో రైవస్ కాలువలోనో వేయకుండా, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేయండి. ఆ నీళ్లు కింద పొలాలకు పోతాయి.

ప్రశ్న: నా కారులో ఉదయం పూట స్టార్టు చేస్తే ఒక సిలిండరు సరిగా పనిచేయనట్టు ఇంజన్ కొట్టుకుంటోంది. మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ క్యాపు విప్పి, లోపల చేరిన ఆయిల్ తుడిచి బిగిస్తే నెల రోజులు బాగుంటోంది, మళ్లీ అదే తంతు. బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు. ఓ రింగు కొత్తది వేయించినా ఫలితం లేదు. ఇది కూడా ఇంట్లో చేసుకోదగిన పనేనా? (బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక అధ్యాపకురాలు)

సమాధానం: అమ్మా, మీ కారులో పోయింది ఓ రింగు కాదు. డిస్ట్రిబ్యూటర్‌లో రెండు సీళ్లు ఉంటాయి. ఒకటి పైన చెప్పిన రింగు. అది పోతే ఆయిల్ బయటికి కారుతుంది. రెండోది లోపల తిరిగే షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు. దాని సన్నని పెదవి షాఫ్టును తాకుతూ, హెడ్డులోని ఆయిల్ డిస్ట్రిబ్యూటర్ పొట్టలోకి రాకుండా ఆపుతుంది. ఆ పెదవి అరిగినా గట్టిపడినా ఆయిల్ లోపలికే చేరుతుంది కనుక బయట నేల పొడిగానే ఉంటుంది. కొన్ని డిస్ట్రిబ్యూటర్ల అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అలా చేరిన ఆయిల్ బయటికి పోవడానికి అది ఒక దారి. ఆ రంధ్రం నుంచి ఆయిల్ బొట్లు పడుతుంటే లోపలి సీలు పోయిందని అర్థం. అక్కడ కారుతోంది కదా అని ఆ రంధ్రాన్ని ఎంసీలుతో మూసిన కార్లు నేను చూశాను. మూసిన వారాల్లోనే వాటి క్యాపులు ఆయిల్‌తో నిండాయి.

క్యాపులో చేరిన ఆయిల్ ఊరికే ఉండదు. రోటరు నుంచి క్యాపు లోపలి కడ్డీలకు నిప్పురవ్వ దూకే ప్రతిసారీ సన్నని మసి రాలుతుంది. ఆ మసి ఆయిల్‌లో కలిసి, క్యాపు గోడ మీద ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి నల్లటి దారి వేస్తుంది. ఉదయం చెమ్మ తోడైతే కరెంటు తన సిలిండరుకు పోకుండా ఆ నల్లదారి పట్టి పక్కకు పోతుంది. మీ ఇంజన్ ఉదయం కొట్టుకోవడానికి ఇదే కారణం అయి ఉంటుంది. క్యాపు విప్పించినప్పుడు లోపలి గోడను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పెన్సిలుతో గీసినట్టు వంకర గీతలు కనిపిస్తే తుడిచి ప్రయోజనం లేదు, క్యాపు కూడా మార్చాలి. మీ కారులో నిప్పురవ్వకు కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిలు, ఇగ్నైటరు డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉన్నట్టయితే వాటి మీద కూడా ఆ ఆయిల్ చేరుతుంది. ఆలస్యం చేసే కొద్దీ ఖర్చు సీలు నుంచి వాటికి పాకుతుంది.

ఇంటి పనా అని అడిగారు. నిర్మొహమాటంగా చెప్పాలంటే, వైసూ సుత్తీ బేరింగు పుల్లరూ ఉండి, ఇటువంటి పని ఇంతకు ముందు చేసిన చేయి ఉంటే తప్ప, దీన్ని ఇంట్లో మొదలుపెట్టవద్దనే నా సలహా. షాఫ్టు కొసన ఉన్న కలపడపు ముక్కను ఒక చిన్న పిన్ను పట్టి ఉంచుతుంది. ఆ పిన్నును సన్నని పంచితో కొట్టి తీయాలి; సరిగా ఆనింపు పెట్టకుండా కొడితే షాఫ్టు వంగుతుంది. తరువాత షాఫ్టును బేరింగులోంచి వెనక్కి లాగాలి, అక్కడ సెన్సారు చక్రం ఏ కొద్దిగా వంగినా ఇంజన్ అసలు స్టార్టు కాకపోవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌ను మీరో మీ మెకానికో పై పద్ధతిలో గుర్తులు పెట్టి తీసి, గుంటూరు ఆటోనగర్‌లో డిస్ట్రిబ్యూటర్లు విప్పి బాగుచేసే పనివారి బల్ల మీద పెట్టడం అన్నిటికంటే క్షేమం.

పనివారికి మూడు మాటలు మాత్రం ముందే చెప్పండి. కలపడపు ముక్కను తీసే ముందు దానికీ షాఫ్టుకూ కలిపి గీత గీయాలి. ఆ పిన్ను రంధ్రం ఎటు నుంచి ఎటైనా ఒకేలా ఉంటుంది కనుక, ముక్కను అర్ధచుట్టు తిప్పి బిగించడానికి వీలుంది. అలా బిగిస్తే నిప్పురవ్వ సగం చుట్టు తప్పి పడుతుంది, పైన చెప్పిన జరిగిన చెవుల రక్షణ కూడా మిమ్మల్ని కాపాడలేదు. రెండోది, సీలు కొలత దాని ముఖం మీదే అచ్చు వేసి ఉంటుంది: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఆ వరుసలో మిల్లీమీటర్లలో ఉంటాయి. ఆ అంకెలను చూసి తెచ్చిన సీలు వేయాలి కానీ కంటి అంచనాతో తెచ్చింది వేయరాదు. మూడోది, సన్నని స్ప్రింగు ఉన్న పెదవి వైపు ఆయిల్ ఉన్న దిక్కుకు, అంటే ఇంజన్ వైపుకు, ఉండాలి. పైపెచ్చు, సీలు తీసిన తరువాత షాఫ్టు మీద పెదవి తిరిగిన చోట వేలిగోరు ఆడించి చూడమనండి. అక్కడ గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆయిల్ ఆగదు. బేరింగు గరగరలాడుతుంటే దాన్నీ అప్పుడే మార్పించండి. షాఫ్టు ఊగడం వల్లనే చాలాసార్లు సీలు పోతుంది.

ప్రశ్న: మీరు గతంలో చెప్పినట్టే పౌడరు చల్లి చూసి, ఓ రింగు నేనే మార్చాను. రెండు నెలలు పొడిగా ఉండి, మళ్లీ అదే చోట చెమ్మ కనబడుతోంది. ఇప్పుడు టాపెట్ కవరు అంచున కూడా ఊరుతోంది. నా పనిలో లోపమా? (గొల్లపూడి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: రెండు చోట్ల ఒకేసారి ఊరుతోందన్న మీ మాటలోనే సమాధానం ఉంది. పిస్టన్ల పక్కల నుంచి కొంత పొగ ఎప్పుడూ ఇంజన్ కడుపులోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని టాపెట్ కవరు నుంచి ఇంటేకు గొట్టంలోకి లాగేసే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, మెకానిక్కులు దాన్ని పీసీవీ వాల్వు అంటారు. అది జిడ్డుతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీలు గుండా ఆయిల్‌ను తోస్తుంది. వాల్వును ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపల గోలీ కదిలినట్టు టకటకలాడాలి. ఆడకపోతే కొత్తది వేసి, దాని గొట్టాన్ని కూడా కడగండి. వాల్వు బాగానే ఉండి, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని తన్నుకొస్తుంటే, పిస్టన్ రింగులు అరిగినట్టు; అప్పుడు సీళ్ల మీద డబ్బు పెట్టకముందే కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి నలిగే ఒత్తిడి, చూపించండి. ఇవి రెండూ కాకపోతే మీరు వేసిన రింగు రకాన్ని అనుమానించాలి. బయటికి తీసి నొక్కి చూడండి. ఉబ్బి జిగురుగా తగిలితే అది ఆయిల్‌కు పనికివచ్చే రబ్బరు కాదు.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్ రింగు మార్పించిన తరువాత ఆయిల్ ఆగింది కానీ, మొన్న కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ లోపల గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ లేదు. (అరండల్‌పేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ మెకానిక్ గుర్తు పెట్టకుండా డిస్ట్రిబ్యూటర్ తీసి, అంచనాతో బిగించి ఉంటారు. నిప్పురవ్వ పడవలసిన దానికంటే ముందే పడుతోంది. ఎత్తు ఎక్కుతూ ఇంజన్ మీద బరువు పడినప్పుడు ఆ చప్పుడు వస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఒంటిని 1 డిగ్రీ తిప్పితే క్రాంక్ దగ్గర తేడా 2 డిగ్రీలు వస్తుంది. కోల రంధ్రంలో వెంట్రుక మందం జరిగినా లెక్కకు వస్తుందన్న మాట. టైమింగ్ లైటు ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లి, ఇంజన్ వేడెక్కిన తరువాత, మీ కారు పుస్తకంలో ఉన్న అంకెకు సరిచేయించండి. చెవితో విని సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు, మరీ వెనక్కి తిప్పితే చప్పుడు పోతుంది కానీ బండి లాగదు, ఇంజన్ వేడెక్కుతుంది. అది అయ్యేవరకు ఎత్తుల మీద గేరు తగ్గించి, యాక్సిలరేటరు సగానికి మించి తొక్కకుండా నడపండి. ఆ చప్పుడుతో ఎక్కువ దూరం నడిపితే పిస్టన్లకు ప్రమాదం.

ప్రశ్న: రింగు మార్చే బదులు చుట్టూ సిలికాన్ గమ్ము పూస్తే సరిపోదా? (కృష్ణలంక, విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: సరిపోదు. ఆయిల్ ఊరుతున్న ముఖం మీద గమ్ము అంటుకోదు. అంటుకున్నా రెండు వేడి చల్లార్పులకు పెచ్చులా లేస్తుంది. రింగుతో పాటు గాడిలో కూడా గమ్ము వేసే వారున్నారు. లోపలి వైపుకు పిండుకున్న గమ్ము ముక్కలు ఊడి, ఆయిల్‌తో పాటు కింద సంపులోకి (ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. ఇప్పటికే పూసి ఉంటే, డిస్ట్రిబ్యూటర్ తీసినప్పుడు రంధ్రంలో గుడ్డ కుక్కి, ఒక్క పలుకు కూడా లోపల పడకుండా చెక్క పుల్లతో గోకి తీయండి.